కార్యాలయమును గీచిన రేఖలు

కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో జీవితమును గడుపుచున్న మనకు ఫైలు ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అది ఏ బల్లపై పుట్టునో, ఏ బల్లపై కొంతకాలము విశ్రమించునో, ఎవరి సంతకముతో ముందునకు సాగునో, ఎవరి ప్రశ్నతో వెనుకకు మఱలునో మన మెఱుగుదుము. కాని ఆ ఫైలు నడచిన త్రోవనంతటిని ఒక్క కాగితముపై గీచి చూపుమని యెవరైన అడిగినచో మనలో పెక్కుమందిమి తడబడుదుము. తన బల్లకు ముందున్న బల్లయు, తరువాతనున్న బల్లయు ప్రతివానికి తెలియును. పది బల్లల ఆవల ఏమి జరుగునో తెలిసినవారు అరుదు. పెద్ద సంస్థల కన్నిటికిని ఇదియే చిక్కు. ప్రతివాడును ఒక భాగమును చూచును, మొత్తమును చూచువాడు లేడు.

ఈ చిక్కును విప్పుకొనుటకు మనుజులు గడచిన నూట డెబ్బది సంవత్సరములుగా గడులను, గీతలను, బాణములను ఆశ్రయించుచున్నారు. నేడు ఢిల్లీలో నొకరును, హైదరాబాదులో నొకరును, విదేశమున మఱొకరును కూర్చుండి ఒకే కంప్యూటర్ తెఱపై ఒకే పటమును ఏకకాలమున గీచుచున్నారు. సంస్థలోని కంప్యూటర్ వ్యవస్థలన్నియు ఒకదానితో నొకటి ఎట్లు ముడివడియున్నవో ఆ పటము చూపును. ఈ పరికరములు క్రొత్తవి, వాటి వెనుకనున్న అవసరము ప్రాతది. ఆ చరిత్రను సంగ్రహముగ చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము. చరిత్రతోపాటు ఒక్కమాటను కూడ మనవి చేయదలచితిని. పటమును గీచునపుడు ఆ పని చేయువానిని పిలిచితిమా లేదా అను ప్రశ్నయే దాని మేలుకీడులను నిర్ణయించును.

కథ రైలుమార్గముతో ఆరంభమగుచున్నది. 1850 తరువాతి దినములలో అమెరికాలోని న్యూయార్కు–ఈరీ రైల్వే సుమారు 500 మైళ్ల పొడవు గలది. నాటి ప్రపంచమున మిక్కిలి దీర్ఘమైన మార్గములలో అది యొకటి. 1854లో దానికి జనరల్ సూపరింటెండెంటుగ వచ్చిన డేనియల్ మెకాలమ్ స్కాట్లండున జన్మించినవాడు, వంతెనల నిర్మాణమున పేరొందినవాడు, పద్యరచనయు నెఱిగినవాడు. అతడు వాటాదారులకు సమర్పించిన నివేదికలో ఒక విషయమును స్పష్టముగ చెప్పెను. ఏబది మైళ్ల మార్గమును ఒక సూపరింటెండెంటు స్వయముగ తిరిగి చూచుకొనగలడు, అచ్చటి ఉద్యోగు లందఱును అతనికి ముఖపరిచయము గలవారే. ఐదువందల మైళ్ల మార్గమున నిది సాధ్యము కాదు. కావున చిన్న మార్గమునకు సరిపోయిన పద్ధతి పెద్ద మార్గమునకు చాలదు. అచ్చట వ్యక్తి స్థానమున వ్యవస్థ నిలువవలెను.

ఆ వ్యవస్థను కన్నులకు గట్టునట్లు చూపుటకై 1855లో అతడు ఒక పటమును వ్రాయించెను. దానిని చిత్రించినవాడు జార్జి హెన్షా యను ఇంజనీరు. ఆధునిక కాలపు సంస్థాపటములలో మొదటిదని దీనిని చరిత్రకారులు పేర్కొందురు. మన కార్యాలయములలో గోడకు వ్రేలాడు పటములందు పై అధికారి పైనుండును, క్రింది ఉద్యోగి క్రిందనుండును. హెన్షా పటము అట్లు కాదు. అది ఒక వృక్షమువలె నున్నది. అధ్యక్షుడును డైరెక్టర్లును మూలమున నుందురు. అచ్చటనుండి రైలుమార్గపు విభాగములు కొమ్మలై పైకి సాగును, స్టేషన్ల సిబ్బందియు, రైళ్లు నడపువారును, మరమ్మతు పనివారును రెమ్మలై విస్తరింతురు. ఏ ఉద్యోగి ఎవరికి జవాబుదారియో, ఏ సమాచారము ఎవరికి చేరవలెనో వ్రేలితో తడవి తెలిసికొనవచ్చును. నాటి నూతన సాధనమైన తంతివార్త ఆ కొమ్మలవెంట వార్తలను మోసెను.

పటము సుందరమైనదే. కాని మెకాలమ్ పెట్టిన కఠిన నియమములను ఇంజన్ డ్రైవర్లు సహింపలేదు. 1854లోను, మఱల 1856లోను వారు సమ్మెకు దిగిరి. 1857లో మెకాలమ్ ఆ ఉద్యోగమును వదలిపోయెను. తరువాత అమెరికా అంతర్యుద్ధకాలమున సైనిక రైల్వేలను నడపి అతడు కీర్తి గడించిన మాటయు నిజమే. ఐనను ఈరీ మార్గపు పాఠము గుర్తుంచుకొనదగినది. కొమ్మలమీద పనిచేయువారు తమ మాట వినబడలేదని తలచినచో, ఎంత చక్కని వృక్షమైనను నీడ నీయదు.

రైళ్లే మఱొక పటమునకును జన్మమిచ్చినవి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే తన గ్రంథమున పారిస్–లియోన్ మార్గమున నడచు రైళ్లన్నిటిని ఒక్క పుటలో చూపెను. ఆ పద్ధతి ఇబ్రీ యను ఇంజనీరుది. అడ్డముగ కాలము, నిలువుగ స్టేషన్లు. ప్రతి రైలును ఒక వాలు గీత. గీత ఎంత నిటారుగ నున్న రైలు అంత వేగము గలది. గీత అడ్డముగ సాగినచోట రైలు ఆగియున్నది. రెండు గీతలు ఖండించుకొనినచోట రెండు రైళ్లు ఎదురుపడును. మన దేశమున రైల్వే కంట్రోలు కార్యాలయములలో పనిచేసినవారు ఈ వర్ణన చదువుచునే చిఱునవ్వు నవ్వుదురు. సెక్షను కంట్రోలరు బల్లమీద పఱచుకొని, టెలిఫోనున స్టేషను మాస్టర్ల మాట వినుచు, పెన్సిలుతో గంటగంటకు పొడిగించుచు వచ్చిన చార్టు ఇదియే కదా! ఇపుడు ఆ గీతలను కంప్యూటర్ గీచుచున్నను దాని భావము మాఱలేదు. పలుచోట్లనుండి వచ్చిన మాటలు ఒక్క కాగితమున కలిసికొనుటయే ఆ చార్టు గొప్పతనము.

ఇరువదవ శతాబ్దారంభమున ఈ విద్య కర్మాగారములలోనికి వచ్చెను. పోలండు ఇంజనీరు కరోల్ అదమియేత్స్కీ 1896 నాటికే పనుల పొందికను చూపు పటమును కల్పించెను. ఐనను లోకమున వ్యాపించినది అమెరికావాడైన హెన్రీ గాంటు పేర వెలసిన చార్టు. కాలము అడ్డముగ, పనులు వరుసగ నిలువుగ, ఒక్కొక్క పనికి ఒక్కొక్క పట్టీ. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వము ఆయుధముల తయారీలో దీనిని వాడెను. నేడు కట్టడముల మొదలు కంప్యూటర్ పథకముల వఱకు ఏ పని తలపెట్టినను మొదట కనబడునది గాంటు చార్టే.

అదే కాలమున ఫ్రాంక్ గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియన్ అను దంపతులు పనిలోని కదలికలను సూక్ష్మముగ పరిశీలించుచుండిరి. ఫ్రాంక్ మొదట ఇటుకలు పేర్చు పని నేర్చినవాడు. ఇటుకను వంగి తీయుటకును, నడుము ఎత్తున నుంచి తీయుటకును గల భేదము ఆయన తన శరీరముతో నెఱుగును. 1921లో ఆ దంపతులు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము ముందు ఒక పనిని మెట్టుమెట్టుగ గుర్తులతో చూపు ప్రక్రియాపటమును ప్రతిపాదించిరి. పని జరిగినచో నొక గుర్తు, వస్తువు కదలినచో నొకటి, తనిఖీకి నొకటి, నిలువయున్నచో నొకటి. 1947లో ఆ సంఘము ఇట్టి గుర్తులకు ఒక ప్రమాణమును నిర్ణయించెను. 1924లో భర్త మరణించిన పిదప పెద్ద కుటుంబమును పోషించుకొనుచు లిలియన్ ఈ విద్యను దశాబ్దముల కొలది కొనసాగించెను.

ఈ పద్ధతి మన ఉద్యోగలోకమునకును దూరమైనది కాదు. 1953లో అమెరికా పండితుడు పాల్ యాపిల్‌బీ భారత ప్రభుత్వ పరిపాలనను పరిశీలించి నివేదిక సమర్పించెను. మఱుసటి సంవత్సరమున, అనగా 1954లో, కేంద్ర మంత్రివర్గ సచివాలయమున ఓ అండ్ ఎం విభాగము నెలకొల్పబడెను. కాగితములు ఎచ్చట ఆగుచున్నవి, ఎందులకు ఆగుచున్నవి యని చూచుట దాని పనులలో ముఖ్యమైనది. బల్లనుండి బల్లకు పోవు కాగితమును గుర్తులతో, గీతలతో చూపు అలవాటు కర్మాగారములను దాటి కార్యాలయములకు వచ్చిన కాలమది.

ఇంతలో కంప్యూటర్ అవతరించెను. 1947–48లో హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితశాస్త్రవేత్తలు యంత్రమునకు సమస్యను ఎట్లు విడమరచి చెప్పవలెనో వివరించుచు నివేదికలను ప్రకటించిరి. యంత్రపు ఆలోచన ఏ త్రోవను పోవునో, ఎచ్చట చీలునో, ఎచ్చట వెనుకకు తిరిగి అదే పనిని మఱల చేయునో చూపు ప్రవాహపటములను వారు అందులో గీచిరి. ఫ్లోచార్టు అను పేర ఇది ప్రతి ప్రోగ్రామరుకును ఓనమాలయ్యెను. రంధ్రములు కోసిన ప్లాస్టిక్ పలకను కాగితముపై నుంచి పెన్సిలు త్రిప్పినచో పలకలును, వజ్రాకారపు గడులును ఏర్పడును. కలకత్తా గణాంకశాస్త్ర సంస్థలో 1956లో కంప్యూటర్ పనిచేయనారంభించెను. బొంబాయి టాటా పరిశోధన సంస్థలో 1960 నాటికి మనవారే నిర్మించిన యంత్రము సిద్ధమాయెను. 1967లో హైదరాబాదున వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను మన తెలుగువారైన ఏ. ఎస్. రావుగారి సారథ్యమున స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసెను.

ఒక ప్రోగ్రామును ఒక్కడు వ్రాయునంతకాలము ఫ్లోచార్టు చాలెను. వందలమంది కలసి వ్రాయవలసివచ్చినపుడు క్రొత్త కష్టము పుట్టెను. 1960 దశకమున ఐబీఎం సంస్థ తన 360 తరగతి కంప్యూటర్లకు మూల ప్రోగ్రామును నిర్మించుచుండెను. దానికి నాయకత్వము వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ తన అనుభవములను 1975లో ఒక గ్రంథముగ ప్రకటించెను. పనివారి సంఖ్య పెరిగినకొలది వారి మధ్య మాటల త్రోవలు ఎట్లు పెరుగునో ఆయన లెక్కగట్టి చూపెను. పదిమంది యున్నచో ఇద్దఱిద్దఱి మధ్య 45 త్రోవలు. ఏబదిమంది యున్నచో 1,225. పనివారు ఐదు రెట్లు పెరిగిరి, మాటల త్రోవలు ఇరువదియేడు రెట్లు పెరిగినవి! ఆలస్యమైన పనికి మఱికొందఱిని చేర్చినచో అది యింకను ఆలస్యమగునని ఆయన చెప్పిన మాట మన కార్యాలయములకును వర్తింపదా?

అందఱికి ఒకే సమాచారముండవలెనని ఆ పథకమున ప్రతి ప్రోగ్రామరుకు ఒక పనిపుస్తకము నిచ్చిరి. కొలదికాలమునకే అది ఐదడుగుల మందమయ్యెను. దినదినము వచ్చు మార్పుల కాగితములే నూటయేబది పుటలు. వానిని పాత పుటల స్థానమున చేర్చుకొనుటకే ప్రొద్దు సరిపోవుచుండెను. చివరకు వారు సూక్ష్మఛాయాపటముల నాశ్రయించిరి. సమాచారము లేకపోవుట ఒక కష్టము, అందఱియొద్దను వేఱువేఱు తేదీల సమాచారముండుట అంతకన్న పెద్ద కష్టము. ఈనాటి ఉమ్మడి పటముల ఆవశ్యకతకు బీజము ఇచ్చటనే యున్నది.

1968లో మెల్విన్ కాన్వే యను ప్రోగ్రామరు ఒక చిన్న వ్యాసమున మఱొక సత్యమును వెల్లడించెను. ఏ సంస్థయైనను ఒక వ్యవస్థను నిర్మించినచో, ఆ వ్యవస్థ ఆకారము సంస్థలోని మనుజుల మాటామంతీల ఆకారమునే పోలియుండును. మాటలాడుకొనని రెండు శాఖలు నిర్మించిన రెండు కంప్యూటర్ వ్యవస్థలును మాటలాడుకొనవు. కావున కంప్యూటర్ పటమును గీచుట యనగా తెలిసియో తెలియకయో మన సంస్థ ముఖమును అద్దమున చూచుకొనుటయే.

తరువాతి ఇరువది సంవత్సరములలో ఈ పటవిద్య బహుముఖముల విస్తరించెను. 1976లో పీటర్ చెన్ అను పండితుడు సమాచారములోని వస్తువులను, వాని మధ్యగల సంబంధములను గడులతో చూపు విధానమును ప్రకటించెను. ఉద్యోగి యొక వస్తువు, శాఖ యొక వస్తువు, 'పనిచేయుట' వాని మధ్య సంబంధము. 1987లో ఐబీఎం ఉద్యోగి జాన్ జాక్‌మన్ ఇంకొక అడుగు ముందునకు వేసెను. ఇల్లు కట్టునపుడు యజమాని చూచు పటము వేఱు, శిల్పి గీచు పటము వేఱు, మేస్త్రీకి కావలసిన పటము వేఱు. అన్నియు ఒకే యింటివి, ఏదియు తప్పు కాదు. సంస్థ కంప్యూటర్ వ్యవస్థలకును ఇట్లే చూచువారిని బట్టి వేఱువేఱు పటములుండవలెననియు, అవి పరస్పరము పొసగవలెననియు ఆయన వాదించెను. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అని నేడు పిలువబడు శాస్త్రమునకు ఇది పునాది. 1996లో అమెరికా శాసనసభ చేసిన చట్టము ప్రతి ప్రభుత్వశాఖ సమాచార ప్రధానాధికారియు తన శాఖ వ్యవస్థలకు ఇట్టి నిర్మాణప్రణాళికను కలిగియుండవలెనని విధించెను. 1997లో బూచ్, రంబా, జాకబ్సన్ అను మువ్వురి కృషి ఫలితముగ సాఫ్ట్‌వేర్ పటములకు యూఎంఎల్ అను ఉమ్మడి లిపి ప్రమాణముగ అంగీకరింపబడెను.

ఇట్టి సమగ్రదృష్టి యెందులకని శంకించువారికి మన రైల్వే రిజర్వేషను చరిత్రయే సమాధానము. 1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషను ప్రయోగముగ నారంభమయ్యెను. క్రమముగ కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికిందరాబాదు కేంద్రములకు వ్యాపించెను. కాని ఒక్కొక్క కేంద్రము ఒక్కొక్క ద్వీపము. తనవంతు రైళ్లను మాత్రమే అది యెఱుగును. ఢిల్లీలో ఉద్యోగము చేయుచు వేసవి సెలవులకు స్వగ్రామమునకు పోదలచిన తెలుగు కుటుంబమునకు తిరుగుప్రయాణపు బెర్తు గూర్చిన బెంగ ఎట్టిదో మన పెద్దలకు జ్ఞాపకముండును. 1986లో ఏర్పడిన రైల్వే సమాచారవ్యవస్థల కేంద్రము క్రిస్ ఈ ద్వీపములను కలుపగల కాన్సర్టు అను సాఫ్ట్‌వేరును రూపొందించెను. అది 1994 సెప్టెంబరులో మొట్టమొదట అమలైనది మన సికిందరాబాదుననే. 1999 ఏప్రిలు నాటికి ఐదు కేంద్రములును ముడివడినవి. పిమ్మట ఏ కౌంటరునందైనను ఏ స్టేషనునుండి ఏ స్టేషనుకైనను టిక్కెట్టు దొరకెను. ఐదు వేఱువేఱు పటములు ఒక్క పటమైనపుడు సామాన్యునికి కలిగిన మేలు అది.

తెలుగునాట ఈ దృష్టి ముందుగనే మొలకెత్తెను. 1998లో నాటి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కార్యాలయములను కంప్యూటరీకరించిన కార్డు పథకము దేశమున పలువురి దృష్టి నాకర్షించెను. 2006లో కేంద్ర ప్రభుత్వము 27 పథకములతో జాతీయ ఈ-పరిపాలన ప్రణాళికను ఆమోదించెను. రాష్ట్ర విభజనానంతరము ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ-ప్రగతి యను పేర రాష్ట్రమునంతటిని ఒక్క నిర్మాణప్రణాళికలోనికి తేదలచెను. 2018లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వశాఖ పక్షమున ఇండియా అను పలుకుబడితో పిలువబడు భారత ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ చట్రము వెలువడెను. పని, సమాచారము, అనువర్తనములు, సాంకేతికత, భద్రత మున్నగు ఎనిమిది నమూనాలను అది ప్రతిపాదించినది. ప్రజ ఒక్కటే ప్రభుత్వమును చూడవలెను, పదునారు శాఖల తలుపులను కాదు అనునది దాని యాశయము.

ఇక గీచు పరికరముల సంగతి. 1963లో ఐవాన్ సదర్లండు యను విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రాముతో తెఱపై కాంతిలేఖినితో నేరుగ బొమ్మలు గీచి చూపెను. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్టు సభాముఖమున కూర్చుండి, సుమారు 30 మైళ్ల దూరమున నున్న తన సహచరునితో ఒకే తెఱను పంచుకొని పనిచేసెను. 1980 దశకమున జెరాక్స్ సంస్థ పరిశోధకులు కోల్యాబ్ అను సమావేశపు గదిని నిర్మించిరి. అచ్చట ప్రతివాని ముందును కంప్యూటర్, ఎదుట పెద్ద తెఱ, అందఱును ఒకే పటముపై వ్రాయవచ్చును. నల్లబల్లయొద్ద సుద్దముక్క ఎవని చేత నుండునో వాని మాటయే చెల్లుట మన మెఱిగినదే. సుద్దముక్క అందఱి చేతికి వచ్చినచో ఏమగును? ఈ ప్రశ్నను వారు శ్రద్ధగ పరిశీలించిరి.

సామాన్య కార్యాలయమునకు ఈ విద్య 1992లో విజియో యను సాఫ్ట్‌వేరుతో చేరెను. సిద్ధముగనున్న గడులను మౌసుతో లాగి నిలిపి బాణములతో కలుపవచ్చును. గడిని జరిపినచో బాణము దానివెంట కదలును. ప్లాస్టిక్ పలకకు సెలవు దొరకెను. 2000లో మైక్రోసాఫ్టు ఆ సంస్థను కొనెను. తరువాతి దశలో పటము ఒకని కంప్యూటరును వదలి ఇంటర్నెట్టునకు చేరెను. లూసిడ్‌చార్టు, 2019లో మిరో యని పేరు మార్చుకొనిన ఉమ్మడి బల్ల మున్నగునవి ఇట్టివి. పలువురు ఏకకాలమున గీయుదురు. ఎవరు ఏ మార్పు చేసిరో నిలిచియుండును, ప్రశ్నను గడి ప్రక్కనే వ్రాయవచ్చును. 2020లో కోవిడ్ మహమ్మారి కార్యాలయపు గదులను మూసినపుడు గోడపై పటము చూడగల వీలు లేక ఎన్నో బృందములు ఈ పరికరములనే గదిగ చేసికొనెను. బ్రూక్స్ నాటి ఐదడుగుల పుస్తకపు కష్టము ఇట్లు తీరెను.

కాని పరికరము కష్టమును తీర్చినంత మాత్రమున మనుజుడు తీర్చినట్లు కాదు. నా యనుభవములో నొకటి చెప్పి విరమింతును.

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచుండిన ఒక కార్యాలయమున పింఛను కేసులను కంప్యూటరునకు ఎక్కింపదలచిరి. నిపుణులు వచ్చి మూడు వారములు అధికారులతో మాటలాడి, గోడంత పటమును గీచి తెచ్చిరి. రంగురంగుల గడులు, తీర్చినట్టి బాణములు. సమావేశమున అందఱును మెచ్చుకొనిరి. ఆ సమయమున పింఛను సెక్షనులో పనిచేయు అప్పర్ డివిజన్ క్లర్కు ఒకరు ఏదో ఫైలు నందించుటకు లోనికి వచ్చిరి. రాజమహేంద్రవరము ప్రాంతమువారు, పదవీవిరమణకు ఏడాది గడువు గలవారు. ఆయన ఫైలునిచ్చి వెళ్లక పటమువైపు చాలసేపు చూచుచు నిలబడిరి. అధ్యక్షుడు "ఏమండీ, ఏమైన చెప్పదలచితిరా?" యని అడిగెను.

"సార్, ఈ బాణాలన్నీ ముందుకే పోతున్నాయి. కాగితం తక్కువై తిరిగొచ్చిన కేసు ఏ గడిలోకి రావాలండీ?" అని ఆయన వినయముగ అడిగిరి.

గది నిశ్శబ్దమయ్యెను. నిపుణులలో నొకరు అట్టి కేసులు స్వల్పమనియు, రెండవ దశలో చూతమనియు చెప్పిరి. గుమాస్తాగారు నమస్కరించి వెడలిపోయిరి. నేనును ఆ గదిలోనే యుంటిని, నోరు మెదపలేదు. ఆ మౌనము నేటికిని నన్ను బాధించుచున్నది.

వ్యవస్థ ప్రారంభోత్సవము ఘనముగ జరిగెను. తిరిగివచ్చిన కేసులకు గడి లేదు కనుక కంప్యూటర్ వానిని 'పంపబడినవి' అనియే చూపుచుండెను. పంపినవారి దృష్టిలో పని ముగిసెను. అందవలసినవారికి ఏమియు అందలేదు. వానిలో మా కార్యాలయమున ప్యూనుగ పనిచేసి మరణించిన ఒకని భార్య కుటుంబ పింఛను కేసు ఉండెను. వయస్సు ధ్రువపత్రము నొకదానికై అది వెనుకకు వచ్చినది. ఆమె ఏడు నెలలు మా వరండాలో తిరిగెను. తెఱవైపు చూచినవారెల్ల "అమ్మా, మీది పంపేశాం" అని చెప్పుచుండిరి. చివరకు పదవీవిరమణకు ముందు ఆ గుమాస్తాగారే, మానక తన చేతితో వ్రాసికొనుచుండిన పాత రిజిస్టరును విప్పి, ఆమె కేసు ఎచ్చట నిలిచినదో కనుగొనిరి. తరువాత పటమున వెనుకకు మఱలు ఒక బాణము గీయబడెను. ఆ యొక్క గీతకు ఏడు నెలలు పట్టెను. ఆ ఏడు నెలలును ఆ తల్లి పిల్లలను ఏమి పెట్టి పోషించెనో మాలో ఎవరును అడుగలేదు.

నాటినుండి ఏ పటమును చూచినను నేను మొదట వెదకునది తిరుగుబాణమునే. అది లేని పటమును గీచినవారు పని చేయువానిని అడుగలేదని గ్రహింతును. తరువాత పటముపై తేదీ యున్నదా యని చూతును. తేదీ లేని పటము, గడువు తీఱిన సీజను టిక్కెట్టువలె మోసము చేయును. ఏ గడి దేనికి గుర్తో, ఏ బాణము కాగితమును చూపుచున్నదో, ఏది అధికారమును చూపుచున్నదో క్రింద వ్రాసియుండవలెను. ఒక్క పటమున అన్నియు ఇముడ్పక, జాక్‌మన్ చెప్పినట్లు యజమానికొకటి, మేస్త్రీకొకటి యుండవలెను. అన్నిటికన్న ముఖ్యముగ దానిని దిద్దు బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగింపవలెను. అందఱి పటము ఎవరి పటమును కాక చెడును.

నేడు ఉమ్మడి తెఱపై సుద్దముక్క అందఱి చేతికి వచ్చినది. సెక్షనులోని క్రింది ఉద్యోగియు తన బల్లయొద్దనుండియే గడి ప్రక్కన తన సందేహమును వ్రాయగలడు. పరికరము ఈ యవకాశము నిచ్చినది. దానిని వాడుకొనుట మన చేతిలోనున్నది. ఆ వ్రాతను చదువు అధికారి కావలెను. చదివి "రెండవ దశలో చూతము" అనక గీతను దిద్దువాడు కావలెను. అచ్చట మౌనముగ కూర్చుండక "ఆయన చెప్పినది నిజము" అని పలుకు సహోద్యోగియు కావలెను.

ఈ సంచికను చదువు మన ఉద్యోగ సోదరీసోదరులలో ఎందఱో ఇట్టి పటములను ప్రతిదినము చూచుచుందురు, కొందఱు గీచుచుందురు. మీ శాఖలోని పటమును ఒకమాఱు ముద్రించి, దానిని ఎన్నడును చూడని గుమాస్తా బల్లపై నుంచి, ఒక పెన్సిలు నిచ్చి, ఆయన చెప్పునది సావధానముగ వినుడు. ఈరీ రైల్వే వృక్షమునకు లేకపోయిన నీడ మీ పటమునకు కలుగును. ఎచ్చటనో ఒక వరండాలో నిలుచున్న తల్లికి ఆ నీడ చేరును.